యాభై హాట్‌డాగులు, మా హాస్టల్ గంట

మొన్న సోమవారం బీఏ సెకండియర్ క్లాసులో మా పిల్లాడొకడు కనపడలేదు. మంగళవారమూ రాలేదు. పేరు రాయను, ఈ పోస్టు వాడూ చదువుతాడు. బుధవారం వచ్చాడు, మొహం పీక్కుపోయి ఉంది. ఏమైందిరా అంటే తల దించుకున్నాడు. పక్కనున్నవాడు చెప్పాడు: "బిర్యానీ పోటీకి పోయాడు మేడం."

ఊళ్లో ఒక హోటల్ వాళ్లు పెట్టిన పోటీ అది. పెద్ద పళ్లెం నిండా బిర్యానీ, దాని మీద ముక్కలు, గుడ్లు, ఆఖర్న స్వీటు. అరగంటలో మొత్తం ఖాళీ చేస్తే పదివేలు ఇస్తారు. చెయ్యలేకపోతే పళ్లెం ఖరీదు తిన్నవాడే కట్టాలి. వీడికి స్కాలర్‌షిప్ ఇంకా పడలేదు. పరీక్ష ఫీజు గడువు దగ్గరకొచ్చింది. ఇంట్లో అడిగితే అమ్మ మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఇస్తుంది, ఆ అడ్వాన్సు తీరేదాకా ఎండలో పని చేస్తుంది. అది వాడికి ఇష్టం లేదు. కడుపు ఖాళీగా ఉంటే ఎక్కువ పడుతుందని ముందురోజంతా పస్తున్నాడట. ముప్పావు పళ్లెం దాకా వెళ్లి కక్కుకున్నాడు. బిల్లు స్నేహితులు తలా ఇంత వేసుకుని కట్టారు.

ఫీజు సంగతి నాతో చెప్పొచ్చు కదా అని తిట్టాను. వాడు విన్నంతసేపు విని మెల్లగా అన్నాడు: "మా హాస్టల్లో నాకంటే స్పీడుగా తినేవాడు లేడు మేడం. గెలుస్తాననే అనుకున్నా."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే మా హాస్టల్లో నాకంటే స్పీడుగా తినేవాళ్లు కూడా లేరు.

వాడు ఫోను తీసి ఒక వీడియో చూపించాడు. "జపానాయన మేడం, కొబయాషి. ఈయన కూడా కరెంటు బిల్లు కట్టలేకే మొదలుపెట్టాడంట."

ఆ రాత్రి కూర్చుని ఆయన కథంతా చదివాను. మిత్రులారా, ఈ వారం నేను రాయాలనుకున్నది వేరే. అది పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

తకేరు కొబయాషి 1978లో జపాన్‌లోని నగానోలో పుట్టాడు. పిల్లాడు చెప్పింది నిజమే. 2014లో వచ్చిన 'థింక్ లైక్ ఎ ఫ్రీక్' అనే పుస్తకంలో ఆయన తొలిరోజుల సంగతి ఉంది. అప్పుడాయన యొక్కయిచి యూనివర్సిటీలో ఎకనామిక్స్ విద్యార్థి. కరెంటు బిల్లు కట్టడానికి కూడా ఇబ్బంది. ఒక టీవీ తిండి పోటీకి ఆయనకి చెప్పకుండా గర్ల్‌ఫ్రెండ్ దరఖాస్తు పంపింది. మొదటి బహుమతి మన లెక్కలో కాదు, అమెరికా లెక్కలో ఐదు వేల డాలర్లు. నాలుగు దశల పోటీ. మిగతావాళ్లు ప్రతి దశలోనూ ఊపిరి బిగబట్టి తింటుంటే, ఈయన తర్వాతి దశకి చేరడానికి ఎంత కావాలో అంతే తిన్నాడు. ఆఖరి దశకి వచ్చేసరికి వాళ్ల కడుపులో చోటు లేదు, ఈయన కడుపులో ఉంది. గెలిచాడు.

ఆ తర్వాత 2001 జులై 4న న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో నేథన్స్ వాళ్ల హాట్‌డాగ్ పోటీకి వెళ్లాడు. హాట్‌డాగ్ అంటే పొడవాటి బన్ను మధ్యలో పెట్టిన మాంసపు సాసేజ్. 12 నిమిషాల్లో ఎవరెక్కువ తింటే వాళ్లకి ఆవరంగు బెల్టు. అప్పటిదాకా రికార్డు 25 చిల్లర. ఈ బక్కపలచని కుర్రాడు 50 తిన్నాడు. లెక్క చూపించే అట్టముక్కలు అయిపోయి, నిర్వాహకులు అప్పటికప్పుడు అంకెలు చేత్తో రాసి పట్టుకోవాల్సి వచ్చింది.

ఎలా తిన్నాడు? అందరూ ఎలా ఎక్కువ తినాలని ఆలోచిస్తే ఈయన ఎలా తేలిగ్గా తినాలని ఆలోచించాడు. సాసేజ్‌ని రెండుగా విరిచాడు. బన్నుని వేరు చేసి నీళ్లలో ముంచాడు. తడిసిన బన్ను నమలక్కర్లేదు, జారిపోతుంది. లోపలికి దిగేలా ఒళ్లు ఊపుతూ తిన్నాడు. ఇంటి దగ్గర సాధన చేసేటప్పుడు వీడియో తీసుకుని, లెక్కలు రాసుకుని చూసుకునేవాడు.

నీళ్లలో బన్ను ముంచడం దగ్గర నేను ఆగిపోయాను.

ఆ 2001 జులైలో నాకు 12 ఏళ్లు. ఎస్సీ బాలికల హాస్టల్లో ఏడో తరగతి. వరండా చివర ఒక రైలు పట్టా ముక్క వేలాడదీసి ఉండేది, అదే మా గంట. వంటమ్మ దాన్ని ఇనప కడ్డీతో మూడుసార్లు కొట్టగానే కంచాలు పట్టుకుని పరిగెత్తేవాళ్లం. మొదటి వడ్డన అందరికీ వచ్చేది. అసలు సంగతి మారు అన్నం దగ్గర. గుండిగలో మిగిలింది ఎంతో, అది ఎవరు ముందు కంచం ఖాళీ చేసి లేస్తే వాళ్లది. పది పదిహేను మందికి వచ్చి ఆగిపోయేది. మిగతావాళ్లు కంచాలు కడుక్కుని వెళ్లి పడుకునేవాళ్లు.

నేను ఆ పదిహేను మందిలో ఉండటం నేర్చుకున్నాను. పప్పులో పప్పు తక్కువ, నీళ్లెక్కువ. మొత్తం ఒకేసారి అన్నంలో కలిపేసుకోవాలి. పలచటి మజ్జిగ కూడా దాని మీదే పోసేసుకోవాలి. అప్పుడు నమలక్కర్లేదు, ముద్ద దానంతటదే జారిపోతుంది. రాళ్లు తగిలితే ఉమ్మకూడదు, ఉమ్మితే టైము పోతుంది. ఇది నాకెవరూ నేర్పలేదు. వీడియో తీసుకుని చూసుకోలేదు. కొబయాషి కోనీ ఐలాండ్‌లో కనిపెట్టిన పద్ధతే మా హాస్టల్లో పన్నెండేళ్ల ఆడపిల్లలకి తెలుసు. ఆయనకి దాంతో బెల్టు వచ్చింది. మాకు మారు అన్నం వచ్చింది.

పోల్చడం సరైందేనా అని నన్ను నేనే అడిగాను. ఆయన పోటీలో ఉన్నాడు, మేం ఆకలిలో ఉన్నాం. కానీ కరెంటు బిల్లు కథ చదివాక ఆ గీత అంత నిటారుగా కనపడలేదు. పేదరికమే ఆయన్నీ మొదట ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టింది. నా విద్యార్థినీ కూర్చోబెట్టింది.

నేను ఇప్పటికీ అలాగే తింటాను. పీహెచ్‌డీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది, చెయ్యి మాత్రం గంట వింటూనే ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో స్టాఫ్‌రూంలో బాక్సు విప్పి నాలుగు నిమిషాల్లో ముగించాను. ఎదురుగా కూర్చున్న ఒక సీనియర్ నవ్వుతూ అన్నారు: "మెల్లగా మేడం, ఎవరూ లాక్కోరు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరూ లాక్కోని బాక్సు ముందు పుట్టిన మనిషికి ఆ మాట జోకే.

తినడంలో ఎవరు వీరుడు, ఎవరు తిండిపోతు అన్నది ఎంత తిన్నామన్న దాన్నిబట్టి ఎప్పుడూ తేలలేదు. ఈ సంగతి క్లాసులో భారతం ఆదిపర్వం చెప్పేటప్పుడు పిల్లలకి చూపిస్తాను. ఏకచక్రపురంలో బకాసురుడికి బండెడు అన్నం పంపాలి. ఆ బండి తోలుకెళ్లిన భీముడు, బకుడి ఎదుటే ఆ అన్నమంతా తానే తినేస్తాడు. బండి ఒకటే, అన్నం ఒకటే. తిన్న భీముడు వృకోదరుడని బిరుదు పొందాడు, తినాల్సిన బకుడు రాక్షసుడై చచ్చాడు. 1957 'మాయాబజార్'లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు ఎగిరొచ్చి పడుతుంటే మా వాడంతా చప్పట్లు కొట్టింది. అదే వాడలో పిల్ల పెళ్లి పందిట్లో రెండోసారి లడ్డూ అడిగితే కక్కుర్తి ముండ అన్నారు.

కొబయాషికీ ఇది ఒక దారిలో అనుభవమే. 2001 నుంచి 2006 దాకా వరసగా ఆరేళ్లు ఆయనే గెలిచాడు. వీరుడే. కానీ 2003లో అమెరికా ఫాక్స్ టీవీ వాళ్లు మనుషులకీ జంతువులకీ పోటీలు పెట్టే ఒక కార్యక్రమంలో ఆయన్ని భారీ ఎలుగుబంటి పక్కన నిలబెట్టారు. బన్నుల్లేని సాసేజ్‌లు ఎవరు ముందు తింటారో చూద్దామని. ఆయన 31 తిన్నాడు, ఎలుగు 50 తిన్నది. జనం చూసి ఆనందించారు. ఆయన ఒప్పుకునే వెళ్లాడు, డబ్బు తీసుకునే ఉంటాడు. అయినా నాకు ఆ దృశ్యం తలుచుకుంటే ఒళ్లు ముడుచుకుపోయింది. మనిషి తింటుంటే చుట్టూ నిలబడి చూసే కళ్లు నాకు కొత్త కాదు.

అసలు ఆ పోటీ పుట్టుకే ఒక కల్పన. 1916 జులై 4న నలుగురు వలస వచ్చినవాళ్లు, తమలో ఎవరికి అమెరికా మీద భక్తి ఎక్కువో తేల్చుకోవడానికి నేథన్స్ బండి దగ్గర హాట్‌డాగులు తిన్నారని ఒక కథ ప్రచారంలో ఉండేది. ఆ కథ తామే అల్లామని ప్రచారకర్త మార్టిమర్ మాట్జ్ 2010లో ఒప్పుకున్నాడు. నేథన్స్ పెట్టిన నేథన్ హ్యాండ్‌వర్కర్ మాత్రం నిజంగానే పోలండ్ నుంచి వలస వచ్చిన పేద యూదుడు. దేశభక్తిని తిండితో కొలిచే కథలు మనకీ తెలుసు. ఏం తింటే ఈ దేశస్థులం, ఏం తింటే కాదు అని మన కంచాల్లోకి తొంగిచూసే కాలంలోనే మనం బతుకుతున్నాం.

2007లో కొబయాషికి దవడ కీళ్ల జబ్బు వచ్చింది. నోరు సరిగ్గా తెరుచుకోని స్థితి. అయినా వెళ్లి 63 తిన్నాడు. అమెరికా కుర్రాడు జోయీ చెస్ట్‌నట్ 66 తిని గెలిచాడు. 2008లో సమయం 10 నిమిషాలకి తగ్గించారు, ఇద్దరూ చెరి 59 తిన్నారు, అదనపు పోటీలో కొబయాషి ఓడాడు. 2009లోనూ ఓడాడు. 2010లో నిర్వాహక సంస్థ మేజర్ లీగ్ ఈటింగ్‌తో ఒప్పందం దగ్గర పేచీ వచ్చింది. తమ పోటీల్లో తప్ప ఇంకెక్కడా తినకూడదని వాళ్లు, కుదరదని ఈయన. సంతకం పెట్టలేదు. ఆ జులై 4న జనంలో నిలబడి చూసి, పోటీ అయ్యాక వేదిక ఎక్కబోతే పోలీసులు పట్టుకుని సంకెళ్లు వేశారు. ఆరుసార్లు గెలిచిన మనిషి ఆ రాత్రి లాకప్‌లో పడుకున్నాడు. కేసు తర్వాత కొట్టేశారు. మరుసటి ఏడాది అదే రోజు, అదే సమయానికి, మన్‌హట్టన్‌లో ఒక మేడ మీద తనంతట తానే బల్ల వేసుకుని 69 తిన్నాడు. అక్కడ అధికారిక పోటీలో గెలిచిన సంఖ్య 62. ఆ 69ని వాళ్లు లెక్కలోకి తీసుకోలేదు.

ఇక్కడిదాకా చదివినప్పుడు ఆయన మీద నాకు గౌరవం కలిగింది. నా నోరు, నా కడుపు, ఎక్కడ తినాలో మీరెవరు చెప్పడానికి అన్నాడు. ఆ మాట మనదే. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చెరువు నీళ్ల గురించే కాదు, పారేసిన ఎంగిలి మెతుకులు తీసుకోవడం మానెయ్యమని కూడా చెప్పారు. కడుపు నిండటం ఒక్కటే కాదు, ఎవరి చేత్తో, ఏ షరతు మీద నిండుతుందన్నది కూడా తేల్చుకోమన్నారు.

కానీ కొబయాషి కథ అక్కడితో అయిపోలేదు.

2007లోనే పెన్సిల్వేనియా యూనివర్సిటీ డాక్టర్లు ఒక తిండి పోటీల ఆటగాణ్ని, ఒక మామూలు మనిషిని కూర్చోబెట్టి హాట్‌డాగులు తినిపించి ఎక్స్‌రేలో కడుపు చూశారు. మామూలు మనిషి ఏడు దగ్గర ఆపేశాడు. ఆటగాడు 10 నిమిషాల్లో 36 తిన్నాడు. అతని కడుపు పెద్ద సంచిలా సాగిపోయింది తప్ప, తిన్నదాన్ని పిండి కిందకి నెట్టే కదలిక దాదాపు లేదు. అంత తిన్నా నిండినట్టు లేదన్నాడు. చాలు అని చెప్పే గొంతుని సాధనతో నొక్కేశాడన్నమాట. ఇలా చేస్తూ పోతే కడుపు శాశ్వతంగా పనిచెయ్యడం మానెయ్యొచ్చని ఆ డాక్టర్లు హెచ్చరించారు.

జపాన్‌లో 2002లో ఒక బడిపిల్లాడు మధ్యాహ్న భోజనం దగ్గర స్నేహితులతో పందెం వేసి, టీవీలో చూసినట్టు గబగబా బ్రెడ్డు మింగబోయి, గొంతుకడ్డం పడి చనిపోయాడు. ఆ తర్వాత అక్కడి టీవీలు ఆ కార్యక్రమాలు కొంతకాలం ఆపేశాయి. మన పక్కనే, 2024 సెప్టెంబర్‌లో కేరళ పాలక్కాడ్ జిల్లాలో ఓణం పండగ ఇడ్లీ పోటీలో 49 ఏళ్ల మనిషి అలాగే గొంతుకడ్డం పడి ప్రాణం వదిలాడు. నా విద్యార్థి కక్కుకున్నాడని విన్నప్పుడు ముందు చిరాకు వచ్చింది. ఇవి చదివాక, కక్కుకుని బతికాడు అనుకున్నాను.

2024లో నెట్‌ఫ్లిక్స్‌లో కడుపు, పేగుల ఆరోగ్యం మీద ఒక డాక్యుమెంటరీ వచ్చింది. అందులో కొబయాషి ఉన్నాడు. తనకిప్పుడు ఆకలి వెయ్యదని, కడుపు నిండిన సంగతీ తెలియదని చెప్పాడు. ఆ మే నెలలోనే పోటీలు మానేస్తున్నానన్నాడు. మళ్లీ సెప్టెంబర్ 2న లాస్ వెగాస్‌లో చెస్ట్‌నట్‌తో ఒక్కసారి తలపడి 66 తిన్నాడు. అవతల మనిషి 83 తిన్నాడు. అప్పటికి కొబయాషికి 46 ఏళ్లు.

ఆకలి వెయ్యదు. ఈ మాట నేను చిన్నప్పట్నుంచీ విన్నాను.

సెలవులకి హాస్టల్ నుంచి ఇంటికెళ్తే అమ్మ నాకూ తమ్ముడికీ వడ్డించి తను గోడకి చేరగిలబడేది. నువ్వూ తినమ్మా అంటే "నాకాకల్లేదు, మీరు తినండి" అనేది. పొద్దున్నే మిరపకోతకి పోయి, చీకటి పడ్డాక మంట చేతులతో వచ్చిన మనిషి. చాలా ఏళ్లు నేను దాన్ని నిజమనే నమ్మాను. మా అమ్మకి ఆకలి తక్కువ అని హాస్టల్లో స్నేహితురాళ్లకి గొప్పగా చెప్పాను కూడా. పీహెచ్‌డీ కోసం జాషువా 'గబ్బిలం' దగ్గర నెలల తరబడి కూర్చున్నాను, ఆకలి గురించి పేజీలు రాశాను. ఇంట్లో గోడకి చేరగిలబడ్డ ఆకలిని మాత్రం చదవలేదు.

బుధవారం రాత్రి అడిగాను. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది, షుగరుంది, లెక్కగా తింటుంది.

"అప్పుడు నీకు నిజంగా ఆకలయ్యేది కాదా?"

నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "పొద్దంతా పని చేసినోళ్లకి ఆకలి గాకుండా ఎట్టుంటదే?"

"మరి?"

"మంచినీళ్లు తాగి పడుకునేదాన్ని."

కొబయాషి అబద్ధం చెప్పలేదు, ఆకలి నిజంగా పోయింది. మా అమ్మ అబద్ధం చెప్పింది, ఆకలి పోలేదు. ఇద్దరూ తమ ఒంటి మాటని తామే నొక్కేసుకున్నారు. ఆయన అంతలా గెలిచి ఆఖరికి పోగొట్టుకున్నది, మా అమ్మ ఎంత నొక్కినా బతికే ఉన్నది ఒకటే. ఆకలి అవమానం కాదని నాకిప్పుడు అర్థమవుతోంది. ఆకలి అంటే ఒళ్లు అడిగే ప్రశ్న. దానికి జవాబు చెప్పాల్సినవాళ్లు జవాబు చెప్పకుండా, ప్రశ్ననే చంపుకోమనడం అన్యాయం.

ఆ ప్రశ్నని బయటికి అడిగినవాళ్లూ ఉన్నారు. కొబయాషి 50 తిన్న ఆ 2001లోనే, మన దేశంలో ఎఫ్‌సీఐ గోదాములు ధాన్యంతో పొర్లిపోతుంటే జనం పస్తులుంటున్నారని పీయూసీఎల్ సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఆ నవంబర్ 28న, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటిలో వండిన భోజనం పెట్టాలని కోర్టు ఆదేశించింది. ఇవాళ మన పిల్లలు బళ్లో తింటున్న అన్నం వెనక ఆ కేసు ఉంది. పిల్లలకి అన్నం వచ్చింది నోరు తెరిచి అడిగినందుకు. ఎవరో గబగబా తిని గెలిచినందుకు కాదు.

గురువారం నా విద్యార్థిని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. ఫీజు కట్టేశాం, ఎవరు కట్టారన్నది ముఖ్యం కాదు. ముఖ్యమైంది ఇంకోటి. నీలాగా స్కాలర్‌షిప్ పడనివాళ్లు క్లాసులో ఎంతమంది ఉన్నారో పేర్లు రాసుకురమ్మన్నాను. నలుగురో ఐదుగురో అనుకున్నాను. పదిహేడు పేర్లు తెచ్చాడు. అందరి అప్లికేషన్ నంబర్లతో అర్జీ తయారు చేస్తున్నాం. సోమవారం కాలేజీలో ఇచ్చి, కాపీ మీద సంతకం తీసుకుంటాం. అక్కడ కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు. మీ కాలేజీల్లోనూ ఈ లిస్టు రాయండి. రాస్తే తప్ప ఎంతమందిమో మనకే తెలియదు.

శుక్రవారం వాడూ నేనూ క్యాంటీన్లో ఎదురెదురుగా కూర్చుని భోజనం చేశాం. మెల్లగా తిందామని ఒప్పందం. ఫోన్లో ఇరవై నిమిషాలు టైమర్ పెట్టాం. వాడు ఆరు నిమిషాల్లో ముగించాడు. నేను ఐదు నిమిషాల్లో.

ఇద్దరం నవ్వుకున్నాం. వంటాయన వచ్చి అడిగాడు: "మారు పెట్టమంటారా మేడం?"

పెట్టమన్నాను. టైమర్‌లో ఇంకా టైముంది.

జై భీమ్.